బెన్ లోమండ్, బెన్ నెవిస్ ఎక్కడానికి ఎలాంటి బూట్లు కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: స్కాట్లాండ్‌లో, గ్లాస్గోలో మాస్టర్స్ చేస్తున్నారు. పరీక్షలయ్యాక మే చివర్లో స్నేహితులతో అక్కడి బెన్ లోమండ్ కొండ, అది బాగా జరిగితే జూన్‌లో బెన్ నెవిస్ ఎక్కాలని ఉంది. తిరుమల మెట్లు చాలాసార్లు ఎక్కారు కాబట్టి ఎక్కడం గురించి భయం లేదు. బూట్లకి 120 పౌండ్లు పక్కన పెట్టుకున్నారు. ఒక స్నేహితుడు వాటర్‌ప్రూఫ్ బూట్లు లేకుండా అడుగు పెట్టొద్దంటున్నాడు, ఇంకొకడు రన్నింగ్ షూలే చాలంటున్నాడు. అవే బూట్లు డిసెంబర్‌లో కూడా పనికొస్తాయా, సీనియర్ ఒకరు 25 పౌండ్లకి ఇస్తానన్న పాత బూట్లు తీసుకోవచ్చా అని కూడా అడిగారు.

నా జవాబు: ముందు పాదానికి సరిపోవడం, తర్వాత సోల్, వాటి తర్వాతే వాటర్‌ప్రూఫ్. 120 పౌండ్లూ బూట్లకే పెట్టేయకండి. డిస్కౌంట్‌లో 80, 90కి బూట్లు తెచ్చుకుని, మిగిలింది సాక్స్‌కీ వాన ప్యాంటుకీ ఉంచుకోండి. రన్నింగ్ షూలతో బెన్ లోమండ్ ఎక్కినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు, కాబట్టి రెండో స్నేహితుడు చెప్పింది మరీ తప్పేమీ కాదు. నాకు ఎక్కువ అభ్యంతరం మొదటి స్నేహితుడి మాట మీదే.

తిరుమల లెక్క ముందు తేల్చేద్దాం, ఎందుకంటే ఇక్కడికొచ్చిన మనవాళ్లు చాలామంది ఈ లెక్కే వేసుకుంటారు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. మెట్టు చదునుగా ఉంటుంది, చాలా దూరం పైన కప్పు ఉంటుంది, అలసిపోతే కూర్చోవడానికి చోటుంటుంది, తాగడానికి నీళ్లుంటాయి. బెన్ నెవిస్ దారి దాదాపు సముద్రమట్టం దగ్గరే మొదలై 1,345 మీటర్ల శిఖరం దాకా పోతుంది. ఎత్తు లెక్కన అలిపిరికి దాదాపు రెట్టింపు. అదీ ఎక్కేస్తారు, నాకు అనుమానం లేదు. కానీ తిరుమలకి మనం నడిచి ఎక్కుతాం, దర్శనమయ్యాక ఎక్కువమందిమి బస్సులో దిగుతాం. ఇక్కడ బస్సు లేదు. ఎక్కిన 1,300 మీటర్లూ అలసిన మోకాళ్లతో, తడి రాళ్ల మీద మళ్లీ దిగాలి. ఎక్కేటప్పుడు ఏ బూటైనా బాగానే ఉంటుంది. దాని సంగతి బయటపడేది దిగేటప్పుడే.

దిగేటప్పుడు ప్రతి అడుగుకీ పాదం బూటులో కొంచెం ముందుకు జారుతుంది. వేళ్ల ముందు ఖాళీ లేకపోతే బొటనవేలి గోరు బూటు ముందు భాగానికి తగులుతూనే ఉంటుంది, కొన్ని వేల అడుగుల పాటు. ఒకటి రెండు రోజుల్లో గోరు నల్లబడుతుంది, కొన్ని వారాలకి ఊడొస్తుంది. అందుకని వేళ్ల ముందు ఒక బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మామూలు షూ సైజు కంటే అర సైజు, కొందరికి ఒక సైజు పెద్దది పడుతుంది. హైదరాబాద్‌లో ఏ నంబర్ వేసుకునేవారన్నది ఇక్కడ పక్కన పెట్టేయండి. ఒక్కో కంపెనీ 8 ఒక్కోలా ఉంటుంది.

మన పాదాలతో ఇంకో చిక్కుంది. చిన్నప్పటి నుంచీ చెప్పులు, ఇంట్లో వట్టి కాళ్లు. అందుకే మనలో చాలామందికి మడమ సన్నంగా, వేళ్ల దగ్గర పాదం పరుచుకుని వెడల్పుగా ఉంటుంది. ఇక్కడి షాపుల్లో దొరికే చాలా మోడల్స్ వేళ్ల దగ్గర సన్నం. బిగుతుగా ఉందని ఒకటిన్నర సైజు పెంచేస్తే ముందు హాయిగానే ఉంటుంది, కానీ వెనక మడమ వదులై పైకీ కిందికీ ఆడుతుంది. బూటు కరిచేది అక్కడే. సైజు పెంచే ముందు అదే సైజులో వైడ్ ఫిట్ ఉందేమో అడగండి. కీన్ బూట్లు ముందు భాగంలో వెడల్పుగా ఉంటాయని పేరు. యార్క్‌షైర్‌లో చేసే ఆల్ట్‌బర్గ్ ఒకే సైజుని వేర్వేరు వెడల్పుల్లో ఇస్తుంది గానీ, ధర మీ బడ్జెట్ దాటిపోతుంది. స్కార్పా, మెయిండిల్, సాలొమన్ అన్నీ మంచి కంపెనీలే. అయితే పేరు చూసి కొనే వస్తువు కాదిది. మీ స్నేహితుడికి అద్భుతంగా కుదిరిన బూటు మీకు నరకం చూపించొచ్చు.

షాపుకి సాయంత్రం వెళ్లండి. రోజంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బి ఉంటుంది, కొండ మీదా అలాగే ఉబ్బుతుంది. కొండకి వేసుకునే మందపాటి సాక్స్ వెంట తీసుకెళ్లండి. బూటు వేసుకునే ముందు అందులోని ఇన్‌సోల్ బయటికి లాగి నేల మీద పెట్టి, దాని మీద నిలబడండి. పాదం అంచులు దాటి పక్కలకి పొర్లిందా, ఆ బూటు మీకు సన్నం. ఇంక వేసుకుని చూడక్కర్లేదు. పొర్లకపోతే బూటు తొడుక్కుని, లేసు కట్టకుండా పాదాన్ని పూర్తిగా ముందుకి తోయండి. మడమ వెనక ఒక వేలు దూరాలి. తర్వాత మడమని వెనక్కి తట్టి లేసు బిగించి మెట్లు ఎక్కి దిగండి. కొండలకి సామాన్లు అమ్మే మంచి షాపుల్లో రాళ్లు అతికించిన చిన్న వాలు బల్ల ఉంటుంది. దాని మీద కిందికి మొహం పెట్టి నిలబడి, రెండు మూడు సార్లు గట్టిగా అడుగు వేయండి. వేళ్లు ముందుకి తగిలితే లేసు సరిచేసి మళ్లీ చూడండి, అప్పటికీ తగిలితే వదిలేయండి. వాడితే సరిపోతుందిలే అని సేల్స్‌మన్ అంటాడు. తోలు బూటు వెడల్పులో కాస్త సాగుతుంది, నిజమే. పొడవులో ఏ బూటూ సాగదు.

గంట పట్టినా మొహమాటపడకండి. ఆరు జతలు వేసుకుని ఏదీ కొనకుండా వచ్చేసినా అక్కడ ఎవరూ ఏమీ అనుకోరు. కొన్నాక ఇంట్లో కార్పెట్ మీదే రెండు మూడు సాయంత్రాలు వేసుకు తిరగండి. బయట మట్టి తగలనంత వరకూ చాలా షాపులు వెనక్కి తీసుకుంటాయి. బిల్లు దాచుకుని, ఆ షాపు రూలేంటో ముందే అడిగి ఉంచుకోండి.

ఇక నీళ్ల సంగతి. స్కాట్లాండ్ కొండల్లో తడి పైనుంచే రాదు. నేలే తడి. పీట్ అంటారు, వేల ఏళ్లుగా నాచు, గడ్డి సగం కుళ్లి పేరుకుపోయిన నల్లటి నేల, నీళ్లు పీల్చుకుని ఎప్పుడూ మెత్తగా ఉంటుంది. పచ్చగా చూడముచ్చటగా కనబడే చోట కాలు పెడితే పిక్కల దాకా దిగిపోతుంది. ఆ క్షణంలో మీ బూటుకి ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పొర ఉన్నా ఒక్కటే, నీళ్లు పైనుంచి, సాక్స్ అంచు మీదుగా లోపలికొస్తాయి. గోర్‌టెక్స్ లాంటి పొర పని బయటి నీళ్లని ఆపి లోపలి చెమట ఆవిరిని బయటికి పంపడం. కానీ ఒకసారి నీళ్లు లోపల పడ్డాక అదే పొర వాటిని బయటికి పోనివ్వదు. మిగిలిన రోజంతా చిన్న చెరువులో నడిచినట్టే. మర్నాటికి ఆరదు కూడా. పైగా వేళ్ల దగ్గర బూటు వంగే చోట ఆ పొర ఏడాది రెండేళ్లలో చిట్లడం మామూలే.

అందుకే ఇక్కడ ఏళ్ల తరబడి తిరిగేవాళ్లలో చాలామంది వేసవిలో పొర లేని జాలీ ట్రెయిల్ షూలే వేసుకుంటారు. తడుస్తాయి, పది నిమిషాలు నడిస్తే నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. మరి మీకూ అదే చెప్తానా అంటే, మొదటి సీజన్‌కి చెప్పను. వాళ్ల పాదాలకి అలవాటుంది, ఏ రాయి మీద కాలు పెట్టాలో వాళ్ల కంటికి తెలుసు. మే నెలలో ఎత్తైన కొండల మీద ఇంకా అక్కడక్కడ మంచు మిగిలి ఉండొచ్చు, తడిసిన పాదం చల్లబడితే ఉత్సాహమంతా చప్పబడుతుంది. కాబట్టి తేలికపాటి, చీలమండ దాకా వచ్చే, పొర ఉన్న గుడ్డ బూటు మీకు సరిపోతుంది. కాకపోతే ఎదురుగా రెండు జతలున్నాయనుకోండి, ఒకటి వాటర్‌ప్రూఫ్ గానీ వేళ్ల దగ్గర నొక్కుతోంది, రెండోది పొర లేదు గానీ పాదానికి అచ్చంగా కుదిరింది. కళ్లు మూసుకుని రెండోది తీసుకోండి. తడి పాదంతో కొండ దిగొచ్చు. నలిగిన వేళ్లతో దిగడం చాలా కష్టం.

మంచి ఉన్ని సాక్స్ రెండు జతలు కొనండి. ఒకటి కాళ్లకి, ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి బ్యాగులో. మెరినో ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం ఇస్తుంది. కాటన్ సాక్స్ తడిస్తే చల్లగా అంటుకుని, ముడతపడి బొబ్బలు లేపుతాయి. జీన్స్ కూడా అంతే, అసలు వద్దు.

సోల్ దగ్గర రెండు విషయాలు చూడాలి. కింద రబ్బరు పళ్లు లోతుగా, ఎడంగా ఉండాలి, లేకపోతే పీట్ బురద ఇరుక్కుపోయి సోల్ నున్నగా తయారవుతుంది. మడమ ముందు అంచు నిటారుగా తెగినట్టుండాలి, తడి గడ్డి మీద దిగేటప్పుడు బ్రేకు అదే. రన్నింగ్ షూలో లేనిది ఆ అంచే. మనం రాళ్ల దగ్గర జాగ్రత్తపడతాం, అవి దాటాక మామూలు గడ్డి వాలు మీద కబుర్లు చెప్పుకుంటూ జారతాం. ఇప్పుడు బూటుని రెండు చేతుల్లోకి తీసుకుని ముక్కునీ మడమనీ దగ్గరికి వంచండి. వేళ్లు మొదలయ్యే చోట వంగితే మంచిది. మధ్యలో మడతపడితే రోజంతా రాళ్లు అరికాలికి గుచ్చుకుంటాయి. అసలు వంగకపోతే అది మంచు కాలపు బూటు, మీకిప్పుడు వద్దు.

రాతిని బట్టి కూడా పట్టు మారుతుంది. మీరు వెళ్లే లోమండ్, అర్రోకర్ కొండల్లో ఉండేది ఎక్కువగా షిస్ట్ రాయి, పొరలు పొరలుగా ఉంటుంది, తడిస్తే నూనె రాసినట్టే. షీహాలియన్ అనే ఇంకో కొండ శిఖరం కింద క్వార్ట్‌జైట్ బండలూ అంతే. 1774లో ఖగోళ శాస్త్రవేత్త మాస్కెలిన్ భూమి సాంద్రత కొలవడానికి ఎంచుకున్న కొండ అది. ఆ లెక్కల కోసం గణిత శాస్త్రవేత్త చార్లెస్ హటన్ ఒకే ఎత్తున్న చోట్లని కలుపుతూ గీతలు గీశాడు, మీ చేతిలో ఉండబోయే మ్యాపులో కనబడే గీతలు అవే. స్కై దీవిలో బ్లాక్ కుయిలిన్ గాబ్రో రాయి మాత్రం తడిలోనూ గరుకుగా పట్టుకుంటుంది, అయితే మధ్యలో బసాల్ట్ చారలు తగిలితే అంతే సంగతులు. ఏ రబ్బరైనా తడి నాచు మీద జారుతుంది. దానికి మందు చిన్న అడుగులే.

పొడుగు బూటు వేసుకుంటే చీలమండ బెణకదని అందరూ అంటారు. నేను అంత నమ్మను. బెణకడం ఎక్కువగా అలసట వల్ల, తొందర వల్ల జరుగుతుంది. మడమని గట్టిగా పట్టుకునే బూటైతే ఎత్తు తక్కువైనా ఫర్వాలేదు. పొడుగు బూటు వల్ల బురద, చిన్న రాళ్లు లోపలికి తక్కువ పోతాయి, ఆ లాభం ఖాయం.

లేసు కట్టే పద్ధతి ఒకటి చెప్తాను, 120 పౌండ్ల బూటు కంటే ఇదే ఎక్కువ పనిచేస్తుంది. వేళ్ల పైన లేసు వదులుగా ఉంచండి. పాదం వంపు తిరిగి కాలితో కలిసే చోట, కొక్కేలు మొదలయ్యే ముందు, మామూలు ముడిలో లేసుని ఒకసారి తిప్పే బదులు రెండుసార్లు తిప్పి గట్టిగా లాగండి. సర్జన్ ముడి అంటారు. అది అక్కడే బిగుసుకుని, కింది వదులునీ పైబిగువునీ కలవనివ్వదు. దాని పైన కొక్కేలకి వేసి కట్టేయండి. ఎక్కేటప్పుడు పైభాగం కాస్త వదులుంటే కాలు హాయిగా వంగుతుంది. శిఖరం దగ్గర దిగడం మొదలుపెట్టే ముందు కూర్చుని, మడమని వెనక్కి తట్టి మళ్లీ బిగించండి. ఫొటోల హడావుడిలో అందరూ మరిచిపోయేది ఇదే.

కొత్త బూట్లతో నేరుగా బెన్ లోమండ్ వద్దు. ముందు బల్మాహా దగ్గర కోనిక్ హిల్ ఉంది, 361 మీటర్లే. గ్లాస్గో నుంచి బాలొక్ దాకా రైలు, అక్కడి నుంచి బస్సు. సగం రోజులో అయిపోతుంది, బూటు ఎక్కడ కరుస్తుందో తెలిసిపోతుంది. పైనుంచి చూస్తే లోమండ్ సరస్సులో దీవులు ఒకే వరసలో కనిపిస్తాయి, స్కాట్లాండ్‌లో ఎత్తు ప్రాంతమైన హైలాండ్స్‌నీ పల్లపు లోలాండ్స్‌నీ విడదీసే భూభ్రంశం, అంటే భూమి లోపలి పగులు, గీత అది. ఎక్కడైనా ఒరిపిడిగా, వేడిగా అనిపించగానే ఆగి ప్లాస్టర్ వేయండి. బొబ్బ లేచాక వేస్తే ఉపశమనమే తప్ప ఉపయోగం లేదు.

బెన్ లోమండ్ 974 మీటర్లు. 3,000 అడుగులు దాటిన స్కాట్లాండ్ కొండల్ని మన్రోలంటారు, 1891లో హ్యూ మన్రో వేసిన జాబితా పేరు మీద. ఇప్పుడా జాబితాలో 282 ఉన్నాయి, అన్నిటికంటే దక్షిణాన ఉన్నది ఇదే. దారి మొదలయ్యే రోవర్డెన్నన్ నుంచి రానూపోనూ 12 కిలోమీటర్లు, దారి బాగా వేసి ఉంటుంది. టైమ్ లెక్కకి నైస్మిత్ సూత్రం వాడండి, 1892 నాటిదైనా ఇంకా పనికొస్తుంది: 5 కిలోమీటర్లకి గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకి ఇంకో గంట. ఆ లెక్కన నాలుగు గంటలు. తిండి, ఫొటోలు, మోకాళ్లు కలిపితే అయిదు, అయిదున్నర. రోవర్డెన్నన్‌కి కారుంటేనే సుఖం. వేసవిలో సరస్సు అవతలి ఒడ్డు నుంచి పడవలు కూడా నడుస్తాయి, తిరుగు టైమ్ చూసుకుని ఎక్కండి. కారు లేనివాళ్లకి ఇంకో మంచి కొండ కాబ్లర్, 884 మీటర్లు. మన్రో ఎత్తుకి రాదు గానీ చాలా మన్రోల కంటే అందమైనది. అర్రోకర్ అండ్ టార్బెట్ స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు.

బెన్ నెవిస్ విషయంలో నా స్వరం కాస్త మారుతుంది. దారి గ్లెన్ నెవిస్ విజిటర్ సెంటర్ నుంచి మొదలవుతుంది. రానూపోనూ 17 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. గ్లాస్గో నుంచి పొద్దున్నే రైలెక్కినా ఫోర్ట్ విలియం చేరేసరికి మధ్యాహ్నమైపోతుంది. ముందు రోజే వెళ్లి పడుకోండి, గ్లెన్ నెవిస్‌లోనే యూత్ హాస్టల్ ఉంది. శిఖరం మీద 1883 నుంచి 1904 దాకా ఒక వాతావరణ పరిశీలన కేంద్రం నడిచింది, గోడలు ఇంకా ఉన్నాయి. వాళ్లు రాసిపెట్టిన లెక్కల ప్రకారం అక్కడ ఏడాదికి 4,000 మిల్లీమీటర్లకి పైగా వాన, మంచు పడతాయి. హైదరాబాద్‌లో పడేది 800 చిల్లర. సగటు ఉష్ణోగ్రత సున్నా దగ్గర్లో ఉంటుంది. జూన్‌లో కూడా పైన మంచు తొక్కాల్సి రావొచ్చు. కింద టీషర్ట్‌లో ఐస్‌క్రీమ్ తింటున్నవాళ్లని చూసి మోసపోకండి.

పైన చదునుగా ఉంటుంది, మబ్బు కమ్మితే పది అడుగుల అవతల ఏముందో కనబడదు. ఒకవైపు ఉత్తరపు కొండచరియలు, గార్డీలూ గల్లీ దారికి బాగా దగ్గర. రెండోవైపు ఫైవ్ ఫింగర్ గల్లీ. గల్లీ అంటే ఇక్కడ వీధి కాదు, కొండలో నిటారుగా దిగిపోయే చీలిక. వాటిలో పడి చనిపోయినవాళ్లు ఉన్నారు. దిగడానికి అందరూ చెప్పే లెక్క ఇది: శిఖరం మీది కొలత స్తంభం నుంచి గ్రిడ్ బేరింగ్ (మ్యాపు మీది ఉత్తర గీత నుంచి కొలిచే దిశ) 231 డిగ్రీల మీద 150 మీటర్లు, ఆ తర్వాత 282 డిగ్రీలు. ఈ రెండు అంకెలూ మ్యాపు అంచున రాసుకోండి. దిక్సూచి పట్టుకోవడం గ్లాస్గో పార్కులో నేర్చుకోండి, శిఖరం మీద కాదు. ఫోన్‌లో మ్యాపు ఆఫ్‌లైన్ చేసుకున్నా కాగితం మ్యాపు ఉండాలి, చలికి బ్యాటరీ ఎంత వేగంగా పడిపోతుందో మీరు ఊహించలేరు.

వాతావరణానికి మామూలు ఫోన్ యాప్ చూడకండి, అది ఊరి సంగతి చెప్తుంది. మౌంటెన్ వెదర్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ సైట్ తెరిస్తే కొండల మీద గాలి ఎంత, ఆ గాలికి మనిషి నడవగలడా, శిఖరాలు మబ్బు లేకుండా కనబడే అవకాశం ఎంత శాతం అన్నీ విడివిడిగా ఉంటాయి. నేను మొదట చూసేది గాలి. గంటకి 40 మైళ్లు దాటితే నడక నడకలా ఉండదు. కెయిర్న్‌గార్మ్ శిఖరం మీద 1986 మార్చి 20న 173 మైళ్ల గాలి నమోదైంది, ఆ దేశం ఇది. గుంపులో ఒక వెనుతిరిగే టైమ్ ముందే అనుకోండి. ఒంటిగంట అనుకుంటే ఒంటిగంటకి శిఖరం ఇంకా ఇరవై నిమిషాలే ఉన్నా వెనక్కి రావాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లు ముందు నడవాలి, లేకపోతే గుంపు రెండుగా చీలుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. వాన జాకెట్, వాన ప్యాంటు, టోపీ, గ్లోవ్స్, హెడ్ టార్చ్, విజిల్, జూన్‌లోనైనా సరే. పులిహోర తెస్తామంటారని తెలుసు. కింద తినండి, పైన చల్లగాలిలో గ్లోవ్స్ తీసి చేత్తో కలుపుకుంటే వేళ్లు తిరిగి పనిచేయడానికి చాలాసేపు పడుతుంది. చపాతీ రోల్, పల్లీ చిక్కీ జేబులో పెట్టుకోండి, నడుస్తూ తినొచ్చు. గాలి లేని సాయంత్రం ఆగారంటే మిడ్జ్‌లు, మన దోమల కంటే బాగా చిన్నగా ఉండే పురుగులు, మేఘంలా చుట్టేస్తాయి. స్మిడ్జ్ అనే లోషన్ దొరుకుతుంది. ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, నడుము దగ్గర పిడుదులున్నాయేమో చూసుకోండి, వాటివల్ల లైమ్ వ్యాధి రావొచ్చు. 2003 భూ సంస్కరణల చట్టం ప్రకారం బాధ్యతగా ఉంటే దాదాపు ఎక్కడైనా నడవొచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా జింకల వేట జరిగే చోట బోర్డులుంటాయి, అవి చదివి వెళ్లండి.

వాన తర్వాత పొంగిన వాగుని బూట్లున్నాయన్న ధైర్యంతో దాటొద్దు. జలపాతాల దగ్గర తడి బండల మీద ఫొటోల కోసం అంచుకి పోవద్దు. 2024 ఏప్రిల్‌లో పిట్లోక్రీ దగ్గర లిన్ ఆఫ్ టమ్మెల్‌లో ఆంధ్రప్రదేశ్‌కి చెందిన ఇద్దరు యువకులు నీళ్లలో పడి చనిపోయారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఏదైనా జరిగితే 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అని, తర్వాత మౌంటెన్ రెస్క్యూ అని అడగాలి. వచ్చేవాళ్లు వాలంటీర్లు, డబ్బులు తీసుకోరు. ఖర్చవుతుందని భయపడి ఫోన్ ఆలస్యం చేయకండి. 999కి రిజిస్టర్ అని ముందే మెసేజ్ పెట్టి ఉంచుకుంటే, మాటకి సిగ్నల్ చాలనప్పుడు మెసేజ్‌తోనూ పిలవొచ్చు. విజిల్ అయితే నిమిషంలో ఆరుసార్లు ఊది ఒక నిమిషం ఆగి మళ్లీ ఊదాలి.

డిసెంబర్ సంగతి అడిగారు. ఆ బూట్లు కోనిక్ హిల్‌కి పనికొస్తాయి, మన్రోలకి పనికిరావు. మంచు కాలపు బూట్లకి బి1, బి2, బి3 అని గట్టిదనం లెక్కలుంటాయి. సోల్ కింద కట్టుకునే ఇనుప ముళ్ల క్రాంపాన్లకి సి1, సి2, సి3. బి1 బూటుకి సి1, బి2కి సి2 దాకా సరిపోతాయి. మీరు కొనబోయేది బి0, మెత్తగా వంగుతుంది కాబట్టి క్రాంపాన్ ఊడిపోతుంది. పైగా ఆ రోజుల్లో నాలుగింటికల్లా చీకటి, వాలుల మీద మంచు చరియలు విరిగిపడే ప్రమాదం వేరే. అంత సరదా ఉంటే ఏవీమోర్ దగ్గర గ్లెన్‌మోర్ లాడ్జ్‌లో వింటర్ కోర్సులు నడుస్తాయి. ఒకటి చేసి, బూట్లూ ఐస్ యాక్సూ అద్దెకి తీసుకుని మొదలుపెట్టండి.

ఇక సీనియర్ గారి 25 పౌండ్ల బూట్లు. సైజు కుదిరినా రెండు కారణాల వల్ల ఆలోచించాలి. వాడిన బూటు ఆ మనిషి నడకకి అరిగి ఉంటుంది. తిరగేసి మడమ చూడండి, ఒకవైపే అరిగితే మీ మోకాలు ఆ వాలుకి తగ్గట్టు తిరుగుతుంది. రెండోది వయసు. సోల్‌కీ పైభాగానికీ మధ్య ఉండే పాలియురిథేన్ నురగ, వాడకుండా అల్మరాలో పెట్టినా గాలిలోని తేమకి లోపల్లోపలే పాడవుతుంది. పైకి కొత్తగా మెరిసే బూటు కొండ మధ్యలో సోల్ మొత్తం ఊడి చేతికి రావడం ఇక్కడ చాలామంది చూసిందే. ఆ నురగ భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కండి. రబ్బరులా తిరిగి లేస్తే, పగుళ్లు లేకపోతే, ఎప్పుడు కొన్నారో అడిగి అయిదేళ్ల లోపైతే తీసుకోండి. వేలి కింద పొడి రాలితే థాంక్స్ చెప్పి వచ్చేయండి. మీరు కొన్న కొత్తవి అలా పాడవకూడదంటే, వచ్చిన రోజే బురద కడిగి, ఇన్‌సోల్ తీసి, లోపల న్యూస్‌పేపర్ కుక్కి, హీటర్‌కి దూరంగా ఆరబెట్టండి. పేపర్ తడవగానే మార్చండి.